తప్పు పట్టారు అనడానికి ఇంగ్లిష్‌లో ఏ మాట వాడాలి?

మా లీడ్ లండన్‌లో ఉంటారు. గురువారం సాయంత్రం 6:40కి నేను ఒక మార్పు లైవ్‌లో పెట్టాను. మర్నాడు కాల్‌లో ఆయన 'యూ షుడ్ హావ్ టోల్డ్ అస్ ఫస్ట్' అన్నారు, అంతే. నేను మెయిల్‌లో 'యూ అక్యూజ్డ్ మీ ఆఫ్ నాట్ టెల్లింగ్' అని రాశాను. 'ఐ డిడింట్ అక్యూజ్ యూ ఆఫ్ ఎనీథింగ్' అని పొడిగా జవాబు వచ్చింది. అప్పటినుంచి టెన్షన్.

డిక్షనరీలు తిరగేస్తే అక్యూజ్‌కి, బ్లేమ్‌కి రెండింటికీ 'నిందించు' అనే ఉంది. నాకు అర్థమైనంతలో, చేశావో లేదో తేలని పనిని అంటగడితే అక్యూజ్. చేసిన సంగతి ఇద్దరికీ తెలిసి, అది బాగాలేదంటే క్రిటిసైజ్. జరిగిన నష్టానికి కారణం నువ్వే అంటే బ్లేమ్. అక్యూజ్ తర్వాత ఆఫ్, మిగతా రెండింటికీ ఫర్ అని కూడా నేర్చుకున్నాను. కానీ 'క్రిటిసైజ్డ్' అని మార్చి చూస్తే ఇంకా ఘాటుగా ఉంది. 'స్కోల్డెడ్' అంటే చిన్నపిల్లాడి ఫిర్యాదులా ఉందని పక్క సీటాయన నవ్వాడు.

చెప్పకుండా చేశానని ఒప్పుకుంటూనే, 'మీరు నన్ను తప్పు పట్టారు' అన్న మాటను ఎదుటివారు నొచ్చుకోకుండా ఆఫీసు మెయిల్‌లో ఇంగ్లిష్‌వాళ్లు ఎలా రాస్తారు?