పన్నెండు కంప్యూటర్ల ఆఫీసుకు ఖరీదైన వైఫై రౌటర్ ఒకటి చాలా, కేబుల్ లాగాల్సిందేనా?

కడప_ట్యాక్స్:
మాది కడపలో ట్యాక్స్ కన్సల్టెన్సీ ఆఫీసు. పన్నెండు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ డేటా ఒక సిస్టమ్‌లో ఉంటుంది, మిగతావాళ్లంతా వైఫై మీద దాన్నే తెరుచుకుంటారు. నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన రౌటరే ఇప్పటిదాకా వాడుతున్నాం. 20వ తేదీ జీఎస్టీ 3బీ నెలవారీ రిటర్నుల హడావిడిలో అందరూ ఒకేసారి కూర్చుంటే లోపలి గదివాళ్లకు టాలీ మాటిమాటికీ కట్ అవుతోంది. షాపతను వైఫై 6 రౌటర్ మంచిది ఒకటి పెట్టండి, అన్నీ సర్దుకుంటాయి అంటున్నాడు. అద్దె బిల్డింగ్ కాబట్టి నాకూ అదే నయమనిపిస్తోంది. ఏమంటారు?

అనంత_నెట్‌వర్క్:
అన్నా, రౌటర్ మీద అంత డబ్బు పెట్టొద్దు. టాలీ డేటా మీ ఆఫీసులోనే ఉంది, అది ఇంటర్నెట్‌లోకి పోయి రావట్లేదు, కాబట్టి ఇది నెట్ స్పీడు సమస్య కాదు, లోపలి దారి సమస్య. ఒక ఛానెల్ (రేడియో దారి) మీద వైఫైలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాల్సిందే. పైగా ఫైలు రాస్తుండగా కనెక్షన్ పోతే టాలీ డేటా పాడయ్యే ప్రమాదం ఉంది, అది క్లయింట్ల లెక్క, దాంతో ఆటలొద్దు. పదహారు పోర్టుల గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్, అంటే నెట్‌వర్క్ వైర్లన్నీ కలిపే పెట్టె, ఒకటి కొని, క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగించి, టాలీ వాడే ప్రతి సిస్టమ్‌కీ వైరు ఇవ్వండి. రౌటర్ మామూలుది చాలు.

కర్నూలు_ఐటీ:
నేను ఒప్పుకోను. అద్దె ఆఫీసులో రేపు ఖాళీ చేయమంటే ఆ కేబులంతా పీక్కుపోతారా? వైఫై 6లో ఒకే ఛానెల్‌ను ముక్కలుగా పంచి ఒకేసారి చాలామందికి ఇచ్చే పద్ధతి ఉంది, ఆఫీసులో రద్దీ ఉన్నప్పుడు పనికొచ్చేది అదే. ఇప్పుడు సగం మంది ల్యాప్‌టాప్‌లే వాడుతున్నారు, వాళ్లను గోడకు కట్టేస్తామా?

అనంత_నెట్‌వర్క్:
ఆ పంపకం జరగాలంటే అవతలి కంప్యూటర్‌లోనూ వైఫై 6 ఉండాలి సార్. పాత డెస్క్‌టాప్‌కు పాత యూఎస్‌బీ వైఫై డాంగిల్ గుచ్చి నడిపేచోట రౌటర్ ఎంత కొత్తదైనా అది పాత పద్ధతిలోనే మాట్లాడుతుంది. ఇక గోడలు. మన ఊళ్లలో పాత బిల్డింగులవి రాతి గోడలు, వైఫై వాడే రెండు బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది గానీ అందులో ఒకదానికొకటి అడ్డం రాని ఛానెళ్లు 1, 6, 11 మూడే, వాటిని పక్క షాపులవాళ్లు ఎప్పుడో ఆక్రమించేసి ఉంటారు. గోడ పగలగొట్టక్కర్లేదు, ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ అంటించి అందులో వైరు పోనిస్తే చాలు, ఖాళీ చేసేటప్పుడు విప్పుకోవచ్చు, స్విచ్ ఎటూ మీదే.

కడప_ట్యాక్స్:
మరి లోపలి గదిలో ల్యాప్‌టాప్‌లు, వచ్చేపోయే క్లయింట్ల ఫోన్ల సంగతి?

అనంత_నెట్‌వర్క్:
లోపలి గదికి ఒక వైరు తీసి యాక్సెస్ పాయింట్ (ఆ వైరు నుంచి వైఫై ఇచ్చే పెట్టె) పెట్టండి. పీవోఈ స్విచ్ తీసుకుంటే కరెంటు కూడా ఆ కేబుల్‌లోనే పోతుంది. క్లయింట్లకు గెస్ట్ వైఫై వేరుగా ఇవ్వండి, వాళ్ల ఫోన్లకు మీ టాలీ సిస్టమ్, ప్రింటర్లు కనిపించకూడదు. అందరి పాన్, ఆధార్ కాగితాలు ఆ కంప్యూటర్లలోనే ఉన్నాయి కదా, నాకు స్పీడు కన్నా ఇదే ముఖ్యం.

కర్నూలు_ఐటీ:
టాలీకి వైరు, అంతవరకు సరే. కానీ రౌటర్ మామూలుది చాలన్న మాట మాత్రం తప్పు. చవకవాటిలో చాలా వాటికి పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే, 200 ప్లాన్ కట్టినా అందులో సగం కూడా రాదు. బాక్స్ మీద గిగాబిట్ అని రాసిందా, తయారీదారు ఇంకా అప్‌డేట్లు ఇస్తున్నాడా చూసుకుని తీసుకోండి. రెండు కనెక్షన్లు పట్టే రౌటర్ అయితే ఇంకా మంచిది. టీపీ-లింక్ ఈఆర్605 లాంటిది పెట్టి రెండో కంపెనీ లైను కూడా కలిపితే, 20వ తేదీ ఒకటి పోయినా జీఎస్టీ పోర్టల్ పని ఆగదు. ఇంకో సంగతి, రౌటర్‌కు, స్విచ్‌కు, ఫైబర్ పెట్టెకు మూడింటికీ యూపీఎస్ నుంచి ఇవ్వండి, ఏ ఒక్కటి ఆగినా మిగతావి ఉండి లాభం లేదు.

కడప_ట్యాక్స్:
ముందు కేబుల్, స్విచ్‌కు కొటేషన్ అడుగుతున్నా. రెండో లైను గురించి ఓనర్‌తో మాట్లాడాలి, ఫైబర్ పైకి తేవడానికి ఆయన ఒప్పుకోవాలి.