ఫార్చ్యూనర్‌కి కొత్త టైర్లు: హెచ్‌టీనా, ఏటీనా?

అమలాపురం నుంచి: సైజు 265/60 ఆర్18. ఎక్కువ తిరుగుడు 216 హైవే మీదే, మిగతాది చెరువు గట్ల మీద. వానల్లో గట్టెక్కితే బండి జారిపోతోందండి. రోడ్డుకి సరిపడే హెచ్‌టీ (హైవే టెరైన్) కాకుండా, మట్టిదారులకీ పనికొచ్చే ఏటీ (ఆల్ టెరైన్) వేయించమంటారా?

భీమవరం నుంచి: నన్నడిగితే వద్దండి. మన నల్లమట్టి జిగురు. నాలుగడుగులు పోయేసరికి ఏటీ గాడులు కూడా పూడిపోయి టైరు నున్నగా అయిపోతుంది. తడిసిన తారురోడ్డు మీద బ్రేకు పడేది మంచి హెచ్‌టీకే. ముందు పాత టైర్ల గాడి లోతు కొలవండి. గాడిలో ఉండే అరుగుదల గుర్తు 1.6 మి.మీ. దగ్గర తేలుతుంది గానీ, వానల్లో 3 మి.మీ.కే మార్చేయాలి. అంతకన్నా అరిగితే నీళ్లు బయటికి పోవు, టైరు నీటి మీద తేలుతుంది.

రాజోలు నుంచి: హెచ్‌టీయే. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు సూచించే అంకె) 110 ఉండాలి, అంటే ఒక్కో టైరు 1060 కిలోలు మోస్తుంది. పక్కగోడ మీద తయారీ తేదీ చూసే డబ్బు కట్టండి: 2325 అంటే 2025లో 23వ వారం.

అమలాపురం నుంచి: ప్రస్తుతానికి రెండే మారిస్తే ముందుకేయాలా?

రాజోలు నుంచి: వెనక్కండీ. వెనక పట్టు తప్పితే బండి గిర్రున తిరిగిపోతుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ వేసే బండైతే మాత్రం నాలుగూ ఒకేసారి మార్చండి. అరుగుదల తేడా ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి ఇంజిన్ శక్తిని పంచే గేర్ల పెట్టె) మీద భారం పడుతుంది.