పిప్పిగోళ్ళు: ఎలా తగ్గాయి, మళ్ళీ రాకుండా ఏం చేస్తున్నారు?

పాలకొల్లు అమ్మాయి:
మా అమ్మగారికి 58 ఏళ్ళు. 30 ఏళ్ళుగా ఊడ్పులకూ కలుపులకూ వెళ్ళి బురదలో నానిన పాదాలు ఆవిడవి. రెండేళ్ళ కిందట కుడికాలి బొటనవేలి గోరు ఒక మూల పసుపుపచ్చగా మారింది. ఇప్పుడు గోరంతా దళసరెక్కి, కిందనుంచి తవుడులాంటి పొడి రాలుతోంది. షుగరు కూడా ఉంది. మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంటు మూడు ట్యూబులు అయిపోయాయి, పసుపూ వేపనూనే అయ్యాయి, గోరు మాత్రం మారలేదు. ఇటువంటిది ఇంట్లో చూసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

నల్గొండ మాస్టారు:
మా నాన్నగారి గోరూ ఇలాగే ఉండేదమ్మా. ముందుగా చెప్పవలసిందేమిటంటే, గోరు రంగు మారినంత మాత్రాన అది ఫంగస్, అంటే బూజులాంటి సూక్ష్మజీవి, పట్టిన పిప్పిగోరేనని తేల్చుకోకూడదు. సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉన్నా, ఇరుకు చెప్పులు ఏళ్ళ తరబడి ఒత్తినా గోరు ఇలాగే దళసరెక్కుతుంది. మాకు చర్మవైద్యురాలు గోరు కింది పొడిని గీకి తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి, మైక్రోస్కోపు కింద నూలుపోగుల్లా ఉన్న ఫంగస్‌ను చూసిన తర్వాతే మందు రాశారు. లివరు పరీక్ష చేయించి, టెర్బినఫిన్ అనే ఫంగస్ మందు 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున 12 వారాలు వాడించారు. చేతి గోళ్ళకైతే సాధారణంగా 6 వారాలు సరిపోతుందన్నారు.

మాత్రలు పూర్తయిన రోజున గోరు ముప్పాతిక వంతు పచ్చగానే ఉండడం చూసి మేమందరం డీలాపడ్డాం. పాడైన గోరును మందు బాగుచేయదనీ, వెనుకనుంచి మంచి గోరు పెరిగి దాన్ని ముందుకు నెట్టవలసిందేననీ అప్పుడు తెలిసింది. కాలి గోరు సాధారణంగా నెలకు ఒకటి, రెండు మిల్లీమీటర్లే పెరుగుతుంది. గోరు మొదట్లో నెలవంకంత లేతరంగు గోరు వచ్చింది; దానికీ పాత గోరుకూ మధ్యనున్న గీత ఎంత ముందుకు జరిగిందో నాన్నగారు ప్రతి ఆదివారమూ కిటికీ దగ్గర కూర్చుని చూసుకునేవారు. పూర్తిగా మారడానికి 14 నెలలు పట్టింది.

రొయ్యల షెడ్డు, భీమవరం:
నాది చేతి గోళ్ళ బాధ. రొయ్యల తలలు తీసే పనిలో రోజంతా ఐసు నీళ్ళలో చేతులు నానుతాయి. గోరు మొదలు దగ్గర చర్మం ఉబ్బి ఎర్రబడేది, తర్వాత గోరు పక్కలు గరుకెక్కాయి. నీళ్ళలో పనిచేసేవారికి కాండిడా అనే ఫంగస్ ఇలా పడుతుందని డాక్టరుగారు చెప్పారు. గోరుకూ చర్మానికీ మధ్య అతుకులా ఉండే సన్నని పొర ఊడిపోతే నీరు లోపలికి దిగుతుందట. ఆ పొరను శుభ్రమనుకుని నేనే బ్లేడుతో తీసేసేదాన్ని. ఇప్పుడు దాని జోలికి పోవడం లేదు. లోపల నూలు గ్లోవులు, పైన రబ్బరు గ్లోవులు వేసుకుని, లోపలివి తడిసిన వెంటనే మారుస్తున్నాను, ఎందుకంటే ఒట్టి రబ్బరు గ్లోవుల్లో చెమటకే చేతులు నానిపోతాయి.

ట్రాఫిక్ డ్యూటీ, హైదరాబాద్:
నాకు మందుతో తగ్గినది ఏడాది తిరగకుండానే మళ్ళీ వచ్చింది. రోజుకు పది గంటలు వేసుకునే బూట్లు ఒకే జత కావడం వల్ల అవి ఎన్నడూ పూర్తిగా ఆరేవి కావు. ఇప్పుడు రెండు జతలు రోజు మార్చి రోజు వేసుకుంటున్నాను, మేజోళ్ళు ఏ రోజువి ఆ రోజే ఉతికి ఎండలో ఆరేస్తున్నాను. ఫంగస్ చాలామందిలో ముందు వేళ్ళ సందుల్లో పట్టి, అక్కడినుంచి గోరులోకి పాకుతుంది. చిటికెనవేలి పక్క సందు అన్నిటికన్నా ఇరుకు కనుక స్నానం తర్వాత అక్కడ తుడవడం మరచిపోకండి, ఆ సందు చర్మం నాని పాసినప్పుడే వైద్యం చేయించుకోండి. ఇంటిల్లిపాదికీ ఒకే నెయిల్ కట్టర్ ఉండే అలవాటు కూడా మానాలి.

ఫార్మసిస్టు:
అమ్మాయిగారూ, ఆ ట్యూబు మీద క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ వంటి పేరుందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు, దురదను అణచి తగ్గినట్టు చూపిస్తాయి గాని, చర్మం మీది ఫంగస్ ఆ చాటున పాకుతూనే ఉంటుంది. దళసరి గోరులోకి మామూలు క్రీము ఎలాగూ సరిగా దిగదు. షుగరు ఉన్నవారికి పాదాల స్పర్శ తగ్గి ఉండవచ్చు కనుక గోరు మూలలు లోతుగా తీయకుండా అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. ఆవిడ వాడే మాత్రలన్నీ డాక్టరుకు చూపించాకే కొత్త మందు మొదలుపెట్టించండి.

పాలకొల్లు అమ్మాయి:
అందరికీ కృతజ్ఞతలు. ట్యూబు మీద క్లోబెటసాల్ అనే ఉంది, ఆపించాను. నిన్న అమ్మను చర్మవైద్యుని వద్దకు తీసుకువెళ్ళాం. ఎడమకాలి గోళ్ళకు గోరింటాకు పండి ఉండడంతో లోపలి రంగు తెలియడం లేదనీ, అది గోరుతోపాటు పెరిగి పోవలసిందేననీ ఆయన అన్నారు. ఆషాఢంలో గోరింటాకు మానడం అమ్మకు ఇష్టం లేదు; చివరికి చేతులకు మాత్రమే పెట్టుకోవడానికి ఒప్పుకుంది. కుడికాలి గోరు పొడి పరీక్షకు పంపారు. ఆ పొడిలోని ఫంగస్‌ను ల్యాబులో పెంచి చూసే కల్చరు పరీక్ష ఫలితానికి నాలుగు వారాల దాకా పట్టవచ్చన్నారు, రాగానే ఇక్కడ రాస్తాను.