పాత ఇల్లు, మూసేసిన కొట్టు, ఏటా పెరిగే ఇంటి పన్ను: ఏం చేయాలి?

కాలవగట్టు ఇల్లు:

నమస్కారమండి. మాది గోదావరి పశ్చిమ డెల్టాలో ఒక మున్సిపల్ పట్టణం. ఇల్లు మా మామగారు కట్టించింది. ముందు రెండు గదులు స్లాబు, వెనక వంటిల్లు మంగుళూరు పెంకు. వీధి వైపు గదిలో ఆయన కిరాణా కొట్టు నడిపేవారు. ఆయన పోయాక షట్టర్ దించేశాం. ఇప్పుడు మా అబ్బాయి అందులో కూర్చుని చదువుకుంటున్నాడు. వెనక పెంకుల భాగం వానలకి గోడలు నాని కూలిపోతే శిథిలాలు తీయించి, స్లాబు కిందే వంట పెట్టుకున్నాం.

2020-21లో ఏడాదికి 2,400 రూపాయలు ఉన్న పన్ను 2024-25కి 4,198 అయింది. ఇంటికి కొత్తగా ఒక్క ఇటుక కూడా పెట్టలేదు, పైగా ఇల్లు తగ్గింది. వార్డు సచివాలయంలో అడిగితే సిస్టమ్‌లో అంతే వస్తోందండి అన్నారు. తేలేదాకా కట్టకండి అని పక్కింటివాళ్లు అంటున్నారు. రసీదు మీద ఇప్పటికీ మామగారి పేరే ఉంది. మా ఆడపడుచుకి కూడా ఇంట్లో భాగం ఉంది కాబట్టి రేపు మాట రాకుండా అన్నీ సరిగ్గా ఉండాలని నా కోరిక. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ ఆర్ఐ:

అమ్మా, నేను మున్సిపాలిటీల్లో బిల్ కలెక్టరుగా చేరి రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. ముందు ఒక్క మాట. కట్టడం మాత్రం ఆపకండి. బకాయి మీద నెలకి రెండు శాతం వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి ఇరవై నాలుగు. మీ అర్జీ బల్ల మీద ఉన్నా ఆ వడ్డీ ఆగదు. 2025 మార్చిలో పాత బకాయిల వడ్డీలో సగం మాఫీ చేశారు, నిజమే. అలాంటిది మళ్లీ వస్తుందని చూస్తూ కూర్చునేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. ఏడాది పన్నంతా ఏప్రిల్ 30లోపు ఒకేసారి కడితే అయిదు శాతం తగ్గింపు ఉంటుంది, అది వాడుకోండి.

ఇక మీ పన్ను ఎందుకు పెరిగిందో చెప్తాను. పూర్వం ఇంటికి ఎంత అద్దె వస్తుందో అంచనా కట్టి దాని మీద పన్ను వేసేవాళ్లం. 2020లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. స్థలానికి రిజిస్ట్రేషన్ శాఖ విలువ, దానికి కట్టడం విలువ కలిపి, కట్టడం పాతదయ్యేకొద్దీ కొంత తగ్గిస్తారు. ఆ మొత్తం మీద నివాసానికైతే 0.10 నుంచి 0.50 శాతం, నివాసం కానిదానికి 0.20 నుంచి 2 శాతం మధ్య వేయొచ్చని చట్టం. ఒక్కసారిగా భారం పడకూడదని, కొత్త లెక్క ప్రకారం రావాల్సిన మొత్తానికి చేరేదాకా ఏటా 15 శాతానికి మించి పెంచకుండా పరిమితి పెట్టారు. మీ 2,400 తీసుకోండి. మొదటి ఏడు 2,760, తర్వాత 3,174, తర్వాత 3,650, నాలుగో ఏడు 4,198. మీరు చెప్పిన అంకె రూపాయి తేడా లేకుండా అదే. అంటే మీ ఇల్లు ఇంకా మెట్లెక్కుతూనే ఉంది, పైమెట్టుకి చేరలేదు.

కాబట్టి ‘ఎందుకు పెంచారు’ అని అడిగితే ఎవరైనా చేతులు ఎత్తేస్తారు. మీరు అడగాల్సింది, ‘మా ఇంటి గురించి మీ దగ్గర ఏం రాసుంది’ అని. అసెస్‌మెంట్ నంబరు, అంటే మీ ఇంటి పన్ను ఖాతా నంబరు చెప్పి వివరాలు తీయించండి. మూడు చూడండి: ఎంత కట్టడం ఉందని రాశారు, ఏ రకం కట్టడం, ఎంత పాతది అని రాశారు, దేనికి వాడుతున్నారని రాశారు. మీరు చెప్పినదాన్ని బట్టి మొదటిదీ మూడోదీ తప్పి ఉండే అవకాశం గట్టిగా ఉంది. కూలిన వంటిల్లు ఇంకా విస్తీర్ణంలో ఉండొచ్చు, కొట్టు గది ఇంకా నాన్ రెసిడెన్షియల్‌లోనే ఉండొచ్చు. షట్టర్ దించేసినంత మాత్రాన రిజిస్టరు దానంతటది మారదమ్మా. మనం రాసివ్వాలి.

కొలిచేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. గది లోపల టేపు పట్టి పది బై పన్నెండు అని రాసుకుంటే ఆఫీసువాళ్ల లెక్కతో కలవదు. ప్లింత్ ఏరియా అంటే గోడల మందంతో సహా, బయటి అంచు నుంచి బయటి అంచుకి. మన పాత ఇళ్లలో సున్నం గోడలు అడుగున్నర మందం ఉంటాయి, అక్కడే బోలెడు తేడా వస్తుంది. ఇది తెలియక ‘ఎక్కువ రాశారు’ అని గొడవపడి వెనుదిరిగినవాళ్లను చాలామందిని చూశాను, బాధేసేది.

సరిచేయగానే బిల్లు తగ్గుతుందని మాత్రం ఆశపెట్టుకోకండి. ఉదాహరణకి ఇప్పుడున్న రికార్డు ప్రకారం మీరు చేరాల్సిన మొత్తం 7,000 అనుకోండి, సరిచేశాక అది 4,500 అవుతుందనుకోండి. మీ బిల్లు 4,198 ఎలాగూ దానికంటే తక్కువే, కాబట్టి ఇప్పుడు తగ్గదు. కానీ వచ్చే ఏడు 4,500 దగ్గర ఆగిపోతుంది. ఆగకపోతే మరో మూడు నాలుగేళ్లలో ఏడు వేలకి ఎక్కేది. ‘మా ఇంటికి పూర్తి పన్ను ఎంత’ అని తప్పకుండా అడగండి, అసలు అంకె అదే.

కోనసీమ కొబ్బరితోట:

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మాకు మున్సిపాలిటీ లెక్కలేవీ వర్తించవు, పంచాయతీ ఇంటి పన్నే. అయినా ఆర్ఐ గారు చెప్పిందే మా ఊళ్లోనూ నిజం. తాటాకిల్లు తీసేసి స్లాబు వేసుకున్నవాళ్ల పేరు మీద తాటాకిల్లని, రెండు పోర్షన్లు పంచుకున్న అన్నదమ్ములకి ఒకటే ఇల్లని రాసున్న ఊళ్లు చాలా ఉన్నాయి. తక్కువ పడుతోంది కదా అని ఊరుకుంటారు. తర్వాత బ్యాంకు లోనుకి వెళ్తే కాగితంలో ఇల్లొకటి, కళ్ల ముందు ఇల్లొకటి. కార్యదర్శి గారిని అడిగి డిమాండ్ రిజిస్టరులో, అంటే ఎవరింటికి ఎంత పన్నో రాసే పుస్తకంలో మన వరస ఒకసారి కళ్లారా చూసుకోవడం మంచిది.

ఇంకోటి, పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. అదేదో కొత్తగా వేశారని కంగారుపడేవాళ్లకి చెప్తున్నాను, అది ఎప్పటి నుంచో ఉన్నదే. మా లైబ్రరీలో పేపర్లు వచ్చేది ఆ డబ్బుతోనే, అది కట్టడానికి నాకే బాధా లేదు.

కాలవగట్టు ఇల్లు:

ఇద్దరికీ చాలా థాంక్సండి. వివరాలు తీయించాను. ఆర్ఐ గారు అన్నట్టే కొట్టు గది ఇంకా నాన్ రెసిడెన్షియల్‌లోనే ఉంది, పెంకుల భాగం కూడా విస్తీర్ణంలో ఉంది. ఈ ఏడు పన్ను కట్టేశాను. రెండు ప్రశ్నలు. అర్జీతో ఏం జత చేయాలి? మావారి పేరుకి మార్చుకుంటే ఆడపడుచు భాగానికి ఇబ్బంది వస్తుందా? ఈ రెండోదే నాకు పెద్ద టెన్షన్.

రిటైర్డ్ ఆర్ఐ:

అర్జీ ఒక పేజీ చాలు. పైన అసెస్‌మెంట్ నంబరు, డోరు నంబరు. కొట్టు ఎప్పుడు మూశారో, వెనక భాగం ఎప్పుడు తీసేశారో రాయండి. కొట్టు లైసెన్సు రద్దు కాగితం గానీ, ఆ గదికి వేరే మీటరు ఉండి కమర్షియల్ నుంచి మార్పించిన కరెంటు బిల్లు గానీ ఉంటే అంతకంటే మంచి సాక్ష్యం లేదు. లేకపోతే గది లోపలి ఫొటోలు, వెనక ఖాళీ స్థలం ఫొటోలు, కట్టిన రసీదు నకలు పెట్టండి. వచ్చి చూసి కొలవమని కూడా రాయండి. నకలు మీద తేదీతో స్టాంపు వేయించుకోకుండా బయటికి రావద్దు. వాళ్లు సవరించి, కొత్త లెక్క తెలిపే స్పెషల్ నోటీసు ఇస్తే, అది కూడా తప్పనిపిస్తే, అందులో రాసిన గడువులోగా మళ్లీ పరిశీలించమని కమిషనర్‌కి రివిజన్ పిటిషన్ పెట్టుకోవచ్చు. గడువు దాటనివ్వకండి.

పేరు సంగతి. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. మీ వారి పేరు ఎక్కినంత మాత్రాన ఆడపడుచు గారి భాగం పోదు, మామగారి పేరే ఉన్నంత మాత్రాన నిలవదు. భాగాలు తేలేది వీలునామాతోనో, రిజిస్టరైన పంపకంతోనో. కానీ ఆమెకి చెప్పకుండా మార్చితే మనసులో ముల్లు పడుతుంది. నన్నడిగితే, మామగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పెట్టి వారసులందరి పేర్లూ ఎక్కించమని అడగండి. కాగితాలు తీసుకెళ్లే రోజు ఆవిణ్ణి కూడా రమ్మనండి. దూరంలో ఉంటే అర్జీ ఫొటో పంపి, సంతకం పెట్టి పోస్టు చేయమనండి.

వాడకం మార్పు, పేరు మార్పు రెండూ ఒకే కాగితంలో కలపకండమ్మా. పేరు దగ్గర ఏదైనా సందేహం వస్తే పన్ను సవరణ కూడా దానితోపాటే ఆగిపోతుంది. ముందు వాడకం మార్పు అర్జీ ఇచ్చేయండి.