'ఓల్డ్ డెక్కన్ డేస్' ఎవరి పుస్తకం: మేరీ ఫ్రేర్‌దా, ఆయా అన్నాదా?

పాతపుస్తకాలు:
1868లో లండన్‌లో అచ్చయిన పుస్తకమిది. మన దేశపు కథలను జనం నోట విని ఇంగ్లీషులో వేసిన తొలి సంపుటాల్లో ఒకటి. పేరు పుటలో కథలు సేకరించినవారిగా ఉన్నది ఎం. ఫ్రేర్ ఒక్కరే. అంటే బొంబాయి గవర్నరు బార్టిల్ ఫ్రేర్ కూతురు మేరీ. ఆమెకు కథలు చెప్పింది ఇంటి ఆయా అన్నా లిబెరాటా డిసౌజా. జీతం ఇచ్చే దొరసాని కథ చెప్పమంటే ఆయా కాదనగలదా? నా లెక్కలో ఇది అన్నా పుస్తకం.

కిటికీపక్క:
మేరీని మరీ అంత తేలిగ్గా తీసిపారేయకండి. 1865-66 చలికాలంలో తండ్రి వెంట దక్షిణ మహారాష్ట్ర పర్యటనకు వెళ్ళేనాటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. తల్లి ఇంగ్లండులో ఉంది. పొద్దుపోక కథ అడిగితే అన్నా మొదట రాదంది. మనవలకైనా చెబుతావు కదా అంటే అప్పుడు మొదలుపెట్టింది. మేరీ విన్నది రాసుకుని, తిరిగి అన్నాకే చదివి వినిపించి సరిచూసుకుంది. పైగా పుస్తకం మొదట్లో అన్నా జీవితాన్ని అన్నా మాటల్లోనే వేసింది: లింగాయతు కుటుంబం క్రైస్తవులవడం, తన వైధవ్యం, చాకిరీ, అన్నీ. ఆ కాలంలో ఒక ఆయా బతుకు అచ్చులోకి తెచ్చిన దొరసానులు ఎందరండీ?

పాతపుస్తకాలు:
ఒప్పుకుంటాను, ఆ అధ్యాయం బంగారం. నా బాధంతా అక్కడే. అందులో అన్నా ఇంగ్లీషు అన్నాదే, వంకరో టింకరో ఆమె గొంతు వినిపిస్తుంది. పుట తిప్పి కథల్లోకి వెళితే ఆ గొంతు మాయం, నున్నటి దొరల ఇంగ్లీషు మిగిలింది.

బుర్రకథ ఇల్లు:
మొదటి కథ 'పంచ్‌కిన్' చదివారా? చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఏడుగురు అక్కచెల్లెళ్ళలో చిన్నది బల్నా. ఫకీరు వేషంలో మాయావి వచ్చి ఆమెను కుక్కను చేసి తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్త రాయైపోతాడు. ఊయలలో వదిలిన కొడుకు పెద్దవాడై, ఎక్కడో అడవి నడుమ, తాటిచెట్ల మధ్య ఆరు కుండల కింద పంజరంలో ఉన్న పచ్చచిలుకను పట్టుకుని మాయావిని చంపుతాడు. ఇది మన బాలనాగమ్మ కాదూ! మాయల ఫకీరు, చిలుకలో ప్రాణం, కొడుకు బాలవర్ధి. మా తాతయ్య గుమ్మెట మీద దరువు వేస్తూ చెప్పిన కథ ఇదే. అన్నాకు వాళ్ళ అవ్వ చెప్పింది. ఆ అవ్వకు ఎవరు చెప్పారో. ఇద్దరిలో ఒకరిదని ఎలా తేలుస్తారు?

కిటికీపక్క:
అదే నేనూ అనేది. కథ ఎవరిదీ కాదు, పుస్తకం మాత్రం రాసినవారిది.

బుర్రకథ ఇల్లు:
అలా అయితే మా తాతయ్యకు ఏమీ మిగలదండీ. కథ అందరిదే, కానీ ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఏడిపించాలో చెప్పేవాళ్ళ పనితనం. చదివి వినిపించినప్పుడు అన్నా దిద్దింది కూడా ఆ పనితనంతోనే. అది కూడా రచనే.

పాతపుస్తకాలు:
ఈ మాటకు నేను కాస్త జరుగుతున్నాను. మేరీ పేరు కొట్టేయమనను. నేను 'పంచ్‌కిన్'ను తెలుగు చేయడం మొదలుపెట్టాను. పైన రెండు పేర్లూ పక్కపక్కన వేస్తాను, ముందు అన్నాది. మీ తాతయ్య చెప్పిన బాలనాగమ్మలో చిలుక ఘట్టం గుర్తున్నంత ఇక్కడ రాయగలరా? పక్కన పెట్టి చూడాలని ఉంది.

బుర్రకథ ఇల్లు:
రాస్తాను. వరసలు అమ్మకు బాగా గుర్తు. ఈ ఆదివారం అడిగి పెడతాను.