వరదలో తడిసిన క్యాసెట్ బాగుచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్తే అండి. మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా, సిరొంచ. 2005లో మొదటి ఇండియన్ ఐడల్ గెలిచిన అభిజీత్ సావంత్ అంటే మా అక్కకు ప్రాణం. ఆ ఏడాదే వచ్చిన అతని తొలి ఆల్బమ్ ‘ఆప్‌కా అభిజీత్ సావంత్’ క్యాసెట్ కోసం నాన్న మంచిర్యాల దాకా వెళ్లాడు. అప్పటికి ప్రాణహిత మీద వంతెన లేదు, పడవలో దాటాలి. పాలిథిన్ కవర్లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చాడు. ఇప్పుడు నాన్న లేడు.

2022 జూలై వరదలో క్యాసెట్ బురదలో మునిగింది. రీలు అంచున సన్నటి ఒండ్రు పట్టింది, పెన్సిల్ పెట్టి తిప్పితే కరకరమంటోంది. లోపలి కాగితం ముద్దయిపోయింది. పాటలు ఫోన్‌లో వినొచ్చు, నిజమే. కానీ అక్కకు కావాల్సింది నాన్న తెచ్చిన ఆ క్యాసెట్టే.

టేప్‌రికార్డర్‌లో పెట్టాలంటే రీలు తెగుతుందేమోనని టెన్షన్. డిస్టిల్డ్ వాటర్‌తో కడగొచ్చా? రీలును వేరే డబ్బాలోకి మార్చాలా? మంచిర్యాల, కరీంనగర్, చంద్రపూర్ వైపు ఈ పని తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. ఇదే క్యాసెట్ ఉన్నవాళ్లు లోపలి కాగితాన్ని రెండు వైపులా ఫోటో తీసి పంపగలరా? ప్రింట్ తీయించుకుంటాను. దీపావళికి అక్క వస్తోంది.