సిటిజన్‌షిప్‌కి రిఫరీగా సంతకం అడుగుతున్నాడు, పెట్టొచ్చా?

యూకేలో ఉంటాను, బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉంది. బ్యాడ్మింటన్‌లో పరిచయమైన ఒకతను సిటిజన్‌షిప్‌కి అప్లై చేస్తూ నన్ను రిఫరీగా, అంటే అతను నాకు తెలుసని ఫారంలో సంతకం పెట్టేవాడిగా, ఉండమన్నాడు. నాలుగేళ్ల పరిచయం. మనిషి మంచివాడే, కానీ ఆమధ్య తాగి కారు నడిపి పట్టుబడ్డాడు. కోర్టులో జరిమానా వేసి ఏడాది పాటు లైసెన్స్ తీసేశారు. ఆ ఏడాదంతా ఆటకి నా కారులోనే వచ్చేవాడు. ఇప్పుడేమో "పాతదైపోయింది కదన్నా, ఫారంలో ఎందుకులే" అంటున్నాడు. సంతకం పెడితే రేపు నా మెడకి చుట్టుకుంటుందా? పెట్టనంటే మొహం మాడ్చుకుంటాడు.

కొత్త పాస్‌పోర్ట్:
అదంతా ఫార్మాలిటీ బ్రదర్. నేనూ పెట్టాను, పౌరసత్వం ఇచ్చే హోమ్ ఆఫీస్ నుంచి ఒక్క ఫోన్ కూడా రాలేదు.

నైట్ డ్యూటీ నర్సు:
ఫోన్ రాకపోవచ్చు. కానీ ఆ సంతకం పైన ఏం రాసుందో ఈ తమ్ముడు చదివినట్టు లేదు. అతన్ని మంచివాడని పొగడమని మిమ్మల్నెవరూ అడగడం లేదండీ. కనీసం మూడేళ్లుగా స్వయంగా తెలుసని, ఫొటో అతనిదేనని, పౌరసత్వం ఇవ్వకూడని కారణమేదైనా ఉంటే హోమ్ ఆఫీస్‌కి చెబుతానని రాసివ్వాలి. ఆ చివరి మాట దగ్గరే మీ చిక్కంతా. లైసెన్స్ పోయిన సంగతి మీకు తెలియదని ఎలా అంటారు, ఏడాదంతా ఎక్కించుకెళ్లింది మీరే! తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే 1981 నాటి బ్రిటిష్ నేషనాలిటీ యాక్ట్, 46వ సెక్షన్ కింద నేరం. జైలు శిక్షకి కూడా వీలుంది.

రిఫరీలు ఇద్దరుండాలి, వాళ్లలో ఒకరు ప్రొఫెషనల్, అంటే హోమ్ ఆఫీస్ ఒప్పుకునే వృత్తుల జాబితాలో ఉన్నవాళ్లు, అయి ఉండాలి. ఆ జాబితాలో పబ్ నడిపేవాళ్లూ ఉన్నారు గానీ, మనవాళ్లకి మాత్రం నర్సులే గుర్తొస్తారు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. నింపిన ఫారం ముందు నాకు చూపించాలి. చూపించనంటే సంతకం లేదు. ఒకావిడ అలిగింది, అలగనీ.

మీ అతనికి ఈ మాట చెప్పండి: కోర్టు కేసు పోలీసు రికార్డులో ఎలాగూ కనబడుతుంది. జరిమానా పడినంత మాత్రాన తిరస్కరించాలని లేదు, మొత్తం చూసి నిర్ణయిస్తారు. దాచినట్టు తేలితే మాత్రం మోసం కింద లెక్క, ఆ తర్వాత పదేళ్ల దాకా అప్లై చేసినా మామూలుగా ఇవ్వరు. ఇచ్చాక బయటపడినా వెనక్కి తీసుకునే అధికారం వాళ్లకుంది. దీనికన్నా ముందే రాసెయ్యడం నయం కాదూ?

అడిగినవాడు:
థ్యాంక్సండీ. నిన్న ఆట అయ్యాక ఇదే చెప్పాను. కాసేపు మూతి ముడుచుకున్నాడు గానీ, సొలిసిటర్‌కి (లాయర్‌కి) చూపించి అన్నీ రాస్తానన్నాడు. అలా రాస్తే నేను పెడతాను. రెండో రిఫరీ దొరకడం లేదట, మా ఆవిడ టీచరు, అతను తనకీ బాగానే తెలుసు. తను పెట్టొచ్చా?

నైట్ డ్యూటీ నర్సు:
కుదరదు. అతనికి బంధువులు కాకూడదు, రిఫరీలిద్దరూ ఒకరికొకరు కూడా కాకూడదు. మీ ఇద్దరిలో ఒకరే. ఆవిడ పెడితే ఆ ప్రొఫెషనల్ లెక్క తీరిపోతుంది. కేసు సంగతి ఆవిడకీ తెలుసు కదా, కాబట్టి ఎవరు పెట్టినా ఫారం చూశాకే.